రెండు వేళ్ల అంచు

కోసింది మీరు. కత్తి నాదే, చెయ్యీ నాదే, ఒప్పుకుంటా, కాని కోత మీది. బీరువా లోతు కొలవకుండా కొన్నది మీరు, తలుపు పడకపోతే పుస్తకాన్ని కొయ్యమన్నది మీరు, అంకెలెవడు చూస్తాడన్నది మీరు, ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ అంకెలేవీ అని నా పెళ్లాన్ని నిలబెట్టి అడుగుతున్నదీ మీరే. మీ బీరువా తలుపు పడటానికి ఒక ఏడాది మనుషుల్ని అంచు కోసి పారేశారు, ఇప్పుడు వాళ్లు ఈ నేల మీద పుట్టారో లేదో అనుమానంగా ఉందంటున్నారు. అనుమానం మా మీదా? అని అనాలి. ఇదే వరసలో, ఆ బల్ల ముందు నిలబడి అనాలి అని బైండరు నాలుగోసారి లోపల్లోపల చెప్పుకున్నాడు. నాలుగోసారి కూడా మాట పెదవి దాకా వచ్చి, వచ్చిన దారినే కడుపులోకి జారిపోయింది. గోడ గడియారంలో నాలుగూ ఐదు. విచారణ హాలు ఐదింటికి మూస్తారు. ఆయన చేతిలో టోకెను నలభై ఏడు, ఇప్పుడే లోపలికి వెళ్లింది నలభై రెండు.

పక్క కుర్చీలో ఆవిడ ఒళ్లో సంచి పెట్టుకుని, సంచి మీద ప్లాస్టిక్ కవరు పెట్టుకుని, కవర్లోంచి ఆ జిరాక్సు కాయితం తీసి మళ్లీ చూస్తోంది. పొద్దుట్నుంచి ఎన్నోసారో. చూస్తే అంకె మొలుస్తుందా? కాయితం మీద అన్నీ ఉన్నాయి. పుట్టిన తేదీ ఉంది, ఆడపిల్ల అని ఉంది, తండ్రి పేరు, తండ్రి చేసే పని, తల్లి పేరు, వీధి, ఇల్లు, చెప్పినవాడి వేలిముద్ర, రాసుకున్నవాడి సంతకం. ఎడమ పక్క మొదటి గడి ఉండాల్సిన చోట మాత్రం కాయితం అయిపోయింది. తిన్నటి అంచు, దాన్ని ఆనుకుని ఒక నల్లటి తోక, ఏ అంకె తాలూకు కాలో మిగిలిపోయినట్టు. వరస సంఖ్య లేని నమోదు చెల్లదని దాని మీద ఎర్ర ముద్ర. ఓటర్ల జాబితాలో ఆవిడ పేరు పక్కన పౌరసత్వం సందేహం అని రెండు ముక్కలు. సందేహం తీర్చుకోడానికి ఇవాళ ఆఖరి రోజు. తీరకపోతే పేరు కొట్టేస్తారు, పన్నెండో రోజున ఊరంతా వరస కట్టి ఓటేస్తుంటే ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టుకోవాలి. ఓటుతో పోయేదయితే అదో రకం. తల్లి సందేహమైతే కూతురూ సందేహమేనట, కూతురికీ నోటీసు తయారుగా ఉంది, ఈ విచారణ తేలేదాకా ఆపి పెట్టారు, అంతే. గొలుసు లాగితే ఇంటిల్లిపాదీ వస్తారు. ఆయన ఒక్కడు తప్ప. ఆయన నాలుగేళ్లు ముందు పుట్టాడు, ఆయన పుట్టిన ఏడాది పుస్తకం చిన్నది, బీరువాలో సుబ్బరంగా పట్టింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకే మంచం మీద పడుకుంటున్న ఇద్దరి మధ్య ఇప్పుడొక సరిహద్దు పడింది, ఇటు పక్క పౌరుడు, అటు పక్క సందేహం.

"ఏ దిక్కుమాలినవాడు కోశాడోగాని," అంది ఆవిడ కాయితం మీంచి చూపు తియ్యకుండా, "వాడి చేతులు పడిపోను."

బైండరు రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నవాడు నయం, వాడికి భుజాలే. ఈయనకి చేతులు, మణికట్లు, కుడిచేతి బొటనవేలి పక్కన ముప్పై నాలుగేళ్లు కత్తి పిడి నొక్కుకుని కాసిన కాయ, అన్నీ తడుముకోవాలి. నోటీసు వచ్చిన రోజు ఆవిడ అడిగింది, మీ ఆఫీసు పుస్తకమే కదయ్యా, ఇలా ఎందుకుందీ అని. ఆ బీరువాల పనంతా నేను సెలవులో ఉన్నప్పుడు జరిగింది, ఎవడో కాంట్రాక్టువాడు చేసి పోయాడు అన్నాడు. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో, బాగా కాచిన జిగురులా ఉండ కట్టకుండా జారింది. ఆవిడ ఊఁ అంది. ఆ రోజు నుంచీ మూడు వారాలుగా పొద్దున్న మొహం కడుక్కుంటూ ఒకసారి, కాజా కుడుతూ సూది గుచ్చుకున్నప్పుడు ఒకసారి, దీపం ఆర్పే ముందు ఒకసారి ఆ కాంట్రాక్టువాణ్ణి తిడుతూనే ఉంది. తేలు కుట్టిన దొంగలా ఈయన పళ్లు బిగపట్టి అటు తిరిగి పడుకుంటున్నాడు.

ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావట్లేదు, ఆఫీసు ఫ్యాన్లన్నీ ఒకే బడిలో చదువుకున్నట్టున్నాయి. నలభై మూడు, అని గుమ్మం దగ్గర గార్డు పిలిచాడు. నలభై మూడు లేచింది, మోకాళ్లు పట్టేసి మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. ఈ హాల్లోకి అడుగు పెట్టగానే ఎవడికైనా కొట్టొచ్చినట్టు కనబడేది ఒకటుంది, చూసే కళ్లు ఆ బల్ల వెనక లేవు గాని: ఇక్కడున్నవాళ్లంతా ఒకే ఈడు. అరవై ఒకటి, అందరికీ అరవై ఒకటే. బట్టతలలు, పెట్టుడు పళ్లు, చెవి మిషన్లు, అన్నీ ఒకే ఏడాది సరుకు. సగంమంది ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు, పొద్దున్న వచ్చినప్పుడు నువ్వా, నువ్వింకా ఉన్నావా అని పలకరించుకున్నారు, నవ్వుకున్నారు. మనందరిదీ ఒకటే నేరం, ఒకే ఏడు పుట్టడం అన్నాడు తాళాలు బాగుచేసే ఆయన, వీధి మొగలో తాళాలాయన అంటే ఎవరైనా చూపిస్తారు, ఇంకొక్క ఏడాది ఓపిక పట్టవే అంటే మా అమ్మ వినలేదు, దాని తొందర దానిది అన్నాడు. అప్పుడు హాలంతా నవ్వింది. ఇప్పుడెవరూ నవ్వట్లేదు. ఎందుకంటే తాళాలాయన పదకొండింటికి లోపలికి వెళ్లి పావుగంటలో బయటికొచ్చాడు, చేతిలో తొలగింపు అని అచ్చేసిన కాయితం. ఇంటికి పోలేదు. ఆ మూల కుర్చీలో కూర్చుని ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెడుతున్నాడు, విప్పుతున్నాడు, పెడుతున్నాడు. ఊళ్లో సగం ఇళ్ల తాళాలు తీసినవాడు, ఒక్క ఇంట్లో ఒక్క చెంచా పోలేదు. ఆయన్ని నమ్మి తలుపులిచ్చిన ఊరికి ఇప్పుడాయన ఎవరో తెలీదు. లోపల ఒకే ఒక్క ఏడాది వాళ్లందరికీ వరస సంఖ్య ఎందుకు లేదు అని ఒక్కడంటే ఒక్కడికి అడగబుద్ధి కాలేదు. ఒక మనిషికి కాలు విరిగితే వాడి ఖర్మ, ఊళ్లో అందరికీ ఒకే కాలు విరిగితే గొయ్యి ఎక్కడుందో వెతకరూ? వెతకరు. గొయ్యి తవ్వింది తామే అయినప్పుడు అసలు వెతకరు.

గొయ్యి ఎక్కడుందో తెలిసిన ఒకే ఒక్కడు ఇక్కడ తొడల కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఏడాది పుస్తకం పెద్దది. ఎందుకు పెద్దదో ఎవరికీ తెలీదు, ఏ అచ్చుకూటం వాడి దగ్గర ఏ సైజు కాయితం మిగిలిపోయిందో, ఆ ఒక్క ఏడాదికి జనన పుస్తకం మిగతావాటికన్నా రెండు వేళ్లు వెడల్పు. విప్పితే రెండు పేజీలు కలిపి ఒకే పట్టిక, ఎడమ పేజీలో ఎడమ చివరి గడిలో వరస సంఖ్య, కుడి పేజీలో కుడి చివర రిమార్కులు, రిమార్కులెప్పుడూ ఖాళీయే. ముప్పై అయిదేళ్లు కర్ర అలమరలో హాయిగా పడుకుంది. తర్వాత కొత్త ఇనప బీరువాలు వచ్చాయి, ఆకుపచ్చ రంగు, వాసన ఇంకా పోలేదు. మర్నాడు పైవాళ్లు వచ్చి చూస్తారని సూపరింటెండెంటు హడావిడి. అన్ని ఏడాదులూ లోపలికి పోయాయి, ఈ ఒక్క ఏడాదీ ముందుకు పొడుచుకొచ్చి తలుపు మూసుకోనివ్వదు. సూపరింటెండెంటు తలుపుని భుజంతో తోశాడు, మోకాలితో తోశాడు. తర్వాత వెనక్కి తిరిగి బైండర్ని చూశాడు. ఎలాగూ అట్టలు ఊడిపోయాయి కదా, కొత్తగా కట్టెయ్, కట్టేటప్పుడు ముందు అంచు రెండు వేళ్లు కోసెయ్ అన్నాడు. అక్కడ అంకెలున్నాయి సార్ అన్నాడు ఈయన. అంకెలెవడు చూస్తాడయ్యా, పేరుంది, తండ్రి పేరుంది, తేదీ ఉంది, మనిషికి ఇంకేం కావాలి? అయినా సార్. అప్పుడన్నాడు సూపరింటెండెంటు, నీకు జీతం కొయ్యడానికా, చదవడానికా అని.

మనిషికి ఇంకేం కావాలి అన్న ఆ ఆఫీసే ఇవాళ పేరుంది, తండ్రి పేరుంది, తేదీ ఉంది, అంకె ఏదమ్మా అంటోంది. ఒక నోటితో రెండు మాటలు. ఆ సూపరింటెండెంటు దండలు వేయించుకుని రిటైరై, హాయిగా పోయాడు, ఆయన మరణం ఏ వరస సంఖ్య మీద నమోదయ్యిందో.

నలభై నాలుగు. గడియారంలో నాలుగూ ఇరవై. ఎక్కడో కింద, పెరట్లో, ఒక ఇంజను పొగ కక్కుతూ ఆగింది. బైండరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. లారీయేనా? పొద్దున్న మెట్లెక్కుతున్నప్పుడు మెట్ల కింద చూశాడు, చూడకుండా ఉంటే బాగుండును. పాత పుస్తకాలన్నీ తాళ్లతో కట్టలు కట్టి పడేసి ఉన్నాయి. అన్నీ స్కాను చేసేశాం, ఇంకెందుకీ దుమ్ము, సాయంత్రం కాయితం మిల్లు లారీ వస్తుంది అన్నాడు గార్డు, తన సొంత ఇల్లు సున్నం వేయించుకుంటున్నంత సంబరంగా. పై నుంచి మూడో కట్టలో కనబడింది. తన చేతి పని తనకి తెలీదా, పెంచిన పిల్లని జనంలో వెనక నుంచి చూసినా పోల్చుకుంటాం. ముదురు ఎరుపు గుడ్డ వెన్ను, మూలలకి తోలు, ఎడమ మూల తోలు కొంచెం వంకర, ఎందుకంటే ఆ రోజు చెయ్యి వణికింది. చెయ్యి చాపి అట్ట మీద అరచెయ్యి ఆనించాడు. ముట్టుకోకు పెద్దాయనా, మురికి, అన్నాడు గార్డు. ఆవిడ నాలుగు మెట్లు పైన ఆగి, ఏమైందయ్యా అంది. ఏం లేదు, ఆయాసం అన్నాడు.

ఆయాసం కాదు. ఆ అట్టలు మామూలు అట్టలు కావు. ఇరవయ్యో ఏట పని నేర్పిన మేస్త్రీ ఒక నియమం పెట్టాడు, ఈయన పని మానేస్తానన్నా వదల్లేదు: ఏ పుస్తకం ముక్క ఆ పుస్తకంలోకే పోవాలి. కోసిన పీలికలు ఊడ్చి పారేసేవాడు బైండరు కాదు, మంగలి అనేవాడు. కొన్న అట్ట పుచ్చిపోతుంది, పుస్తకం సొంత కాయితంతో చేసిన అట్ట పుస్తకమున్నంత కాలం ఉంటుంది. అందుకని పీలికల్ని పక్కపక్కన పరిచి, మైదా జిగురు రాసి, వాటి మీద అడ్డంగా ఇంకో వరస పరిచి, మళ్లీ జిగురు, మళ్లీ వరస, పద్నాలుగు పదిహేను వరసలయ్యాక రాతి కింద రెండ్రోజులు పెడితే చెక్కలాంటి అట్ట. జిగురులో మైలుతుత్తం కలపాలి, పురుగు రాదు. కొత్తవాళ్లు నవ్వేవారు, ఎవడు పడతాడీ చాకిరీ, బజార్లో అట్ట దొరుకుతుంది కదా అని. ఈయన మానలేదు. ఆ రోజు కూడా మానలేదు. రెండు వందల ఆకులు, రెండు వందల పీలికలు, ప్రతి పీలిక మీద నిలువుగా మిషనుతో గుద్దిన అంకెలు, నూనె సిరా, నీళ్లకి కరగదు. ఒక్కటీ పారెయ్యలేదు. అన్నీ ఆ రెండు అట్టల్లో ఉన్నాయి, ఆ ఏడాది పుట్టినవాళ్ల వరస సంఖ్యలన్నీ, గుడ్డ కింద, జిగురు మధ్యన, ఒకరి మీద ఒకరు పడుకుని. పీలిక అంచూ పేజీ అంచూ కలిపి చూస్తే ఏ తోక ఏ అంకెదో అతుక్కుంటుంది. స్కాను మిషను అన్ని పేజీలూ చూసింది, అట్ట లోపలికి చూడలేదు. చూడదు. అట్టకి లోపలుంటుందని దానికెవడు చెప్పాడు?

చెప్పాల్సినవాడు చెప్పలేదు. మూడు వారాలు. చెప్తే ఏమవుతుంది, ఊహించుకోడానికి పెద్ద చదువు అక్కర్లేదు: ప్రభుత్వ రికార్డు పాడు చేసినవాడు వీడేనని రాసుకుంటారు. కొయ్యమన్నవాడు బూడిదయ్యాడు, కోసినవాడు బల్ల ముందు నిలబడి ఉంటాడు, ఎవడి చేతికి బేడీలు? పింఛను ఆపేస్తారు. ఆవిడ వేళ్లు ఇప్పటికే వంకర్లు పోయాయి, కాజాలు ఇంకెన్నాళ్లు కుడుతుంది. ఇవన్నీ నిజమే. కాని నిజాలన్నిటి అడుగునా ఇంకొకటుంది, అది పింఛనూ కాదు, బేడీలూ కాదు. ఆవిడ. చేతులు పడిపోను అన్న మనిషి తిరిగి ఈ చేతుల్ని చూడటం. అంతే. అంత చిన్నదానికి ఒక హాలు నిండా మనుషుల్ని వరసగా లోపలికి పంపుతూ కూర్చున్నాడు. పదకొండింటికి తాళాలాయన లేచినప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. సూపరింటెండెంటు కొయ్యమంటే కోశాడు, ఇవాళ ఎవడూ కొయ్యమనకుండానే ఒక్కొక్కరు పోతుంటే చూస్తున్నాడు. అప్పుడు కత్తి బరువుగా ఉంది, ఇప్పుడు అదీ లేదు.

నలభై అయిదు. ఎంత మర్యాదగా పిలుస్తాడో గార్డు, పెళ్లి పందిట్లో భోజనాలకి పిలిచినట్టు. బైండరుకి కొయ్యక ముందు పేజీ గుర్తొచ్చింది, గుర్తుకు రావద్దన్నా వచ్చింది. పుస్తకాన్ని కత్తి కిందకి పెట్టే ముందు ఆకులు తిప్పి ఆవిణ్ణి వెతికాడు. దొరికింది. తండ్రి పేరు కింద ఆడపిల్ల అని ఉంది, పేరింకా పెట్టలేదు, రెండ్రోజుల పిల్ల. ఆ మధ్యాహ్నం ఆయన మర్చిపోయిన లంచ్ డబ్బా పట్టుకుని ఆవిడే వచ్చింది ఆఫీసుకి, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే అంగుస్తానా తియ్యకుండానే వచ్చింది. ఇలా రా, నిన్ను చూపిస్తా అన్నాడు. ఇదిగో, ఇది నువ్వు. ఆవిడ అంగుస్తానా తీసి చూపుడు వేలు ఆ అంకె మీద పెట్టింది, నాలుగు వందల పన్నెండు, మెత్తగా, నిద్రపోతున్న పిల్ల బుగ్గ మీద పెట్టినట్టు. నాకంటే ముందు నాలుగు వందల పదకొండు మంది పుట్టేశారా, ఎంత బద్ధకస్తురాల్నో అంది. నవ్వుకుంటూ వెళ్లింది. ఆవిడ మెట్లు దిగాక కోశాడు. ఆవిడకి గుర్తులేదు. ఇరవై ఆరేళ్లు. గుర్తుంటే నోటీసు రోజే అనేది. గుర్తులేదు, గుర్తులేదు, దేవుడా, గుర్తుండకుండా ఉండాలి.

కింద ఇంజను ఆగిపోయింది. దబ్ మని లారీ వెనక తలుపు పడేసిన చప్పుడు. నాలుగూ ముప్పై అయిదు. తొమ్మిదిసార్లు ఓటేసింది ఆవిడ. పెళ్లైన కొత్తలో మొదటిసారి ఇద్దరూ కలిసి వెళ్లారు, వరసలో నిలబడి ఎవరికేస్తున్నావే అని చెవిలో అడిగితే, మీ అమ్మకి చెప్తావు, చెప్పను అంది. ఇప్పటికీ చెప్పలేదు, ఏ ఒక్కసారీ. జ్వరంతో వెళ్లింది, నిండు నెలలతో వెళ్లింది, తండ్రి పోయిన నాలుగో రోజున వెళ్లి వచ్చి అప్పుడేడ్చింది. ఎన్నికల ముందు గుమ్మంలోకొచ్చి అక్కా అన్నారు, అమ్మా అన్నారు, చెయ్యి పట్టుకుని నీ ఓటే మాకు దిక్కన్నారు, ఒక్కడైనా వరస సంఖ్య అడిగాడా? ఆవిడ ఓటు దొంగదైతే ఆ ఓటుతో గెలిచినవాడెవడు? వాడి కుర్చీ ఎవరిది? వాడు పెట్టిన సంతకంతో ఉద్యోగం తెచ్చుకుని ఆ బల్ల వెనక కూర్చున్నవాళ్లెవరు? అంచు కొయ్యడం మొదలుపెడితే ఎక్కడాగుతుంది, అందరూ అంచులోనే ఉన్నారు. ఇదీ అనాలి. ఇది కూడా. నలభై ఆరు.

"నాలుగు వందల పన్నెండు," అంది ఆవిడ.

ఎవరినో పిలిచినట్టు, మామూలుగా. కాయితం మీంచి తలెత్తలేదు. బైండరుకి ముందు ఫ్యాను చప్పుడు వినబడలేదు, తర్వాత ఏ చప్పుడూ వినబడలేదు.

"వేలు పెట్టించావు కదయ్యా ఆ రోజు. మర్చిపోతాననుకున్నావా? నేను చూసి వచ్చేదాకా ఉన్న అంకె, కాంట్రాక్టువాడొచ్చి కోశాడా?"

"మరి... తెలిసే తిట్టావా?"

"తిడితేనన్నా లేస్తావేమోనని. మూడు వారాలయింది, నా నోరు పడిపోయేలా ఉంది గాని నువ్వు లేవవు."

నవ్వుతోందా, ఏడుస్తోందా, పక్కనుంచి తెలీలేదు. ఆయన తొడల కింద నుంచి చేతులు తీశాడు. తిమ్మిరెక్కి ఉన్నాయి, వేళ్లు ఎవరివోలా ఉన్నాయి. అవి పోలేదే, అన్నాడు. ఏవి? అంకెలు. అట్టల్లో పెట్టి అంటించా, పీలికలన్నీ, మేస్త్రీ నియమం, నీకు చెప్పేవాణ్ణి కదా. ఎక్కడున్నాయి ఆ అట్టలు? మెట్ల కింద. పొద్దున్న నేను ఆయాసమన్నానే, అక్కడ. కట్టలు కట్టి పెట్టారు, కాయితం మిల్లుకి పంపేస్తారట, లారీ వచ్చింది, ఇప్పుడా చప్పుడు అదే. ఆవిడ అప్పుడు తలెత్తింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ చూపు ఆయన రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ ఇంట్లో ఏదో మంటంటుకున్నప్పుడు.

"మరి ఇక్కడ కూర్చున్నావేం?"

లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. అనాల్సిన వరసంతా, కత్తి నాది, కోత మీది, బీరువా, తలుపు, అంతా చెదిరిపోయింది, మూడు వారాలు కాచిన జిగురు ఒక్క నిమిషంలో విరిగిపోయింది. మిగిలింది ఒకే ఒక్క ముక్క. హాలు వైపు తిరిగి అన్నాడు, కోసింది నేను. మన పుస్తకం అంచు కోసింది నేను, అంకెలు మాత్రం పోలేదు, కింద లారీలో ఎక్కుతున్నాయి. అరవై ఒక్క ఏళ్ల మొహాలన్నీ ఇటు తిరిగాయి. మూలనున్న తాళాలాయన మడతలు పెట్టిన కాయితం జేబులో పెట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తూ దగ్గరికొచ్చాడు, కొడతాడేమోనని బైండరు కళ్లు మూసుకున్నాడు, మూసుకుని అలాగే నిలబడ్డాడు, కొట్టనీ అనుకున్నాడు. ముందు లారీ, నీ సంగతి తర్వాత, అన్నాడు తాళాలాయన, ఏ రంగు గుడ్డ? ఎరుపు, మూడో కట్ట, మూల తోలు వంకరగా ఉంటుంది. మోకాళ్లు పట్టేసినవాళ్లు, చెవి మిషను సర్దుకునేవాళ్లు, పొద్దుట్నుంచి పేరు కొట్టేయించుకుని ఇంటికి పోలేక కూర్చున్నవాళ్లు, అంతా మెట్ల మీద పడ్డారు, బడి గంట కొట్టినప్పటి పరుగు కాదుగాని, ఆ పరుగే. కింద లారీవాడు ఏదో అరిచాడు. తాళాలాయన గొంతు పైకి వినబడింది, బండి తాళం నా దగ్గరుంది బాబూ, నువ్వెక్కడికీ పోలేవు, కూర్చో.

నలభై ఏడు, అన్నాడు గార్డు, ఎవరికో తెలియక.

లోపల బల్ల వెనక ఉన్నది చిన్నమ్మాయి, తమ కూతురి కన్నా చిన్నది, కళ్ల కింద నలుపు, పొద్దుట్నుంచి నీళ్లు తాగినట్టు లేదు. చెడ్డదేం కాదు. చెడ్డవాళ్లతోనే ఇంత పని జరగదు, మంచివాళ్లు బోలెడుమంది కావాలి. ఆ అమ్మాయి ఆవిడ చేతిలో కాయితం తీసుకుని తెరలో ఏదో చూసి, వరస సంఖ్య లేకుండా సిస్టం తీసుకోదమ్మా, నా చేతుల్లో లేదు అంది, ఇవాళ నలభై ఆరుసార్లు అన్న మాట. కలం పట్టుకున్న చెయ్యి తొలగింపు కాయితాల దొంతర మీదకి పోయింది. బైండరు ఆ దొంతర మీద తన అరచెయ్యి పెట్టాడు. కాయ కాసిన చెయ్యి.

"నా చేతుల్లో ఉంది," అన్నాడు. "మీ ఆఫీసు చెప్తే కోశాను, నా పేరు రాసుకోండి, ఏం చేస్తారో చెయ్యండి, తర్వాత. ఆ పుస్తకం ఇప్పుడు ఇక్కడికి రావాలి. ఒక బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్లు పెట్టండి, అరగంటలో ఆ అట్ట పొరలు పొరలుగా విప్పి ఒక్కొక్క అంకే మీ బల్ల మీద పరుస్తా, మీరు పేజీకి ఆనించి చూసుకోండి. ఐదింటికి హాలు మూసేది లేదు. పొద్దుట్నుంచి కొట్టేసిన పేర్లు ఎలా కొట్టేశారో అలాగే తిరిగి రాయండి. మిగతావాళ్లవి ఒక్కటి కూడా కొట్టెయ్యొద్దు. ఇన్నేళ్లు ఓటేసిన మనుషులు పుట్టలేదని అనుమానమొస్తే రుజువు మీరు వెతకండి, వాళ్లు కాదు. ముందు మీ బీరువాలు వెతకండి."

అమ్మాయి గడియారం చూసింది. పైవాళ్లని అడగాలి అంది, రెండో చెయ్యి ఫోను మీదకి పోయింది, ఆగింది. మెట్ల మీద నుంచి జనం బరువుగా పైకొస్తున్న అడుగుల చప్పుడు, మధ్యమధ్య ఆగి ఆయాసం తీర్చుకుంటూ, జాగ్రత్త, మూల తగులుతుంది, అట్ట ఊడిపోనీకు, అని ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ. ఆవిడ సంచిలోంచి ఏదో వెతికి తీసి బైండరు చేతిలో పెట్టింది. కాయితం మడత నొక్కే ఎముక బద్ద, అయిదేళ్లుగా ఇంట్లో అరుగు మీద దుమ్ము పట్టి ఉన్నది. ఇది ఎప్పుడు సంచిలో పెట్టుకుందో. పొరలు విప్పడానికి అదొక్కటే పనికొస్తుందని ఆవిడకి చెప్పిందెవరో. తర్వాత చూపుడు వేలు తీసుకెళ్లి అమ్మాయి ముందున్న కాయితం మీద పెట్టింది, అంచు దాటి, కాయితం లేని చోట, బల్ల చెక్క మీద, అంకె ఉండాల్సిన చోట.

"ఫోను తర్వాత చేద్దువుగాని తల్లీ," అంది, "కుళాయి ఎక్కడుందో చెప్పు. నీళ్లు నేను పట్టుకొస్తా, నువ్వు ఆ కలం కింద పెట్టు."